శాంటొరినిలో బస: అంచు మీదా, తీరం పక్కనా?

గ్రీసు దీవులకు వెళ్లాలనుకునే మన కోనసీమ వాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న "ఏ దీవికి వెళ్లాలి?" అన్నది, ఆ తర్వాతది "ఎంతవుతుంది?" అన్నది. ఈ రెండింటికీ మధ్య అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నా దాని జోలికి ఎవరూ పోరు. ఆ దీవిలో ఏ ఊళ్లో, ఎంత ఎత్తున, దారి నుంచి ఎన్ని మెట్ల కింద పడుకోబోతున్నాం అన్నదే ఆ ప్రశ్న. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి బయలుదేరే మన ప్రయాణాల్లో సుఖమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. కిందటి వేసవి సెలవుల్లో మా అత్తయ్యగారు, మామయ్యగారు, మావారు, అమ్మాయి, నేను శాంటొరిని, నాక్సొస్ దీవులు చూసి వచ్చాం. వెళ్లేముందు అమలాపురంలో కూర్చుని బస కోసం మేము వేసుకున్న లెక్కలు మరొకరికి పనికి వస్తాయని ఇది రాస్తున్నాను.

దీవి అనగానే మన మనసులో మెదిలేది లంక. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుతో పుట్టిన నేల కనుక, గట్టు మీద నిలబడి చూస్తే లంక ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మట్టంగా కనిపిస్తుంది. ఎక్కడ ఇల్లు కట్టుకున్నా నడకలో తేడా ఉండదు, వరద వచ్చినప్పుడు తప్ప ఎత్తుపల్లాల ఆలోచన రాదు. శాంటొరిని పుట్టుక పూర్తిగా వేరు. సుమారు 3,600 ఏళ్ల కిందట ఒక అగ్నిపర్వతం పేలి, దాని నడిమి భాగం కుంగిపోయి సముద్రం లోపలికి వచ్చింది. చుట్టూ మిగిలిన అంచులో పెద్ద ముక్కే నేటి దీవి. నెలవంక ఆకారంలో ఉండే ఆ ముక్కకు లోపలి వైపు, అంటే పడమటి వైపు, దాదాపు 300 మీటర్ల నిలువు కొండచరియ ఉంది. కాల్డెరా అని పిలిచేది ఆ చరియ కింద ఉన్న సముద్రపు గుండాన్నే. తూర్పు వైపు మాత్రం నేల మెల్లగా వాలుతూ పొలాల మీదుగా నల్ల ఇసుక తీరానికి చేరుతుంది. ఫొటోల్లో మనం చూసే తెల్లటి ఇళ్లు, నీలి గుమ్మటాలు ఉన్న ఫిరా, ఫిరోస్టెఫాని, ఇమెరోవిగ్లి, ఇయా గ్రామాలు పడమటి అంచు మీద ఉన్నాయి. కమారి, పెరీసా తూర్పు తీరంలో, చదునైన నేల మీద ఉన్నాయి. బస విషయంలో శాంటొరినిలో తేల్చుకోవలసింది ప్రధానంగా ఇదే: అంచా, తీరమా?

మేము సంప్రదించిన ట్రావెల్ ఏజెంటుకు ఈ విషయంలో అనుమానమే లేదు. "ఆయ్, కాల్డెరా వ్యూ లేకపోతే శాంటొరిని వెళ్లడం దేనికండీ?" అని ఇయాలో ఒక గది ఫొటోలు పంపించాడు. గది నిజంగానే అందంగా ఉంది. మా అమ్మాయి అప్పటికే ఆ గది ముందున్న చిన్న నీటి తొట్టిలో తనను ఊహించుకుని స్నేహితురాళ్లకు చెప్పేసింది. బండి ఆగే చోటి నుంచి గదికి ఎన్ని మెట్లున్నాయని నేను అడిగితే "కొన్ని ఉంటాయండీ" అన్నాడు. ఆ "కొన్ని" ఎన్నో తెలుసుకుందామని హోటలు వాళ్లకే నేరుగా మెయిల్ రాశాను. వారు చాలా మర్యాదగా, దాపరికం లేకుండా, వందకు పైగా మెట్లు ఉంటాయని, సామాను మోయడానికి మనిషిని పంపుతామని జవాబిచ్చారు. సామాను మోయడానికి మనిషి దొరుకుతాడు, అత్తయ్యగారి మోకాళ్లను మోయడానికి ఎవరు దొరుకుతారు?

అంచు మీది ఊళ్ల నిర్మాణం తెలిస్తే ఈ మెట్ల సంగతి అర్థమవుతుంది. వాహనాలు వెళ్లే రోడ్డు ఊరికి వెనక వైపున ఉంటుంది. అక్కడి నుంచి ఇరుకైన నడకదారి చరియ కొసకు చేరుతుంది. హోటళ్లు ఆ నడకదారి నుంచి కిందికి, చరియ ముఖం మీద, ఒక వరుస కప్పు పైవరుసకు వాకిలి అయ్యేలా అంచెలంచెలుగా దిగుతాయి. రిసెప్షన్ పైన ఉంటే గది నాలుగైదు అంచెల కింద ఉండవచ్చు. కనుక ఉదయం ఫలహారానికి పైకి, మరచిపోయిన కళ్లజోడు కోసం కిందికి, బస్సుకు మళ్లీ పైకి ఎక్కి దిగవలసిందే. లిఫ్టు పెట్టే వీలు చాలా చోట్ల లేదు. ఈ ఇళ్లలో అనేకం అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన మెత్తని రాతిని తొలిచి కట్టినవి కనుక లోపల చల్లగా ఉంటాయి. అయితే వెనక గదులకు కిటికీలు ఉండవు, కొన్నింటిలో తేమ వాసన కూడా ఉంటుంది. పైగా వాకిళ్లు ఎక్కువగా పడమరకే తెరుచుకుంటాయి. సూర్యాస్తమయం కోసం డబ్బు కట్టేవారు దానికి ముందు మధ్యాహ్నమంతా ముఖం మీద కొట్టే ఎండను కూడా అదే డబ్బుతో కొనుక్కుంటున్నారు. (వాస్తు పట్టింపు ఉన్న మామయ్యగారు ఈ పడమటి వాకిలి సంగతి విని, ఇక మెట్ల మాట ఎత్తవలసిన పని లేదన్నారు.) ఏకాంతం విషయం కూడా ముందే తెలుసుకోవడం మంచిది. పై దారిన పోయే జనానికి కింది గదుల అరుగులు, నీటి తొట్లు స్పష్టంగా కనిపిస్తాయి. మనం చూసే ఫొటోలు తీసేవారు ఆ నడకదారి మీదే నిలబడతారు.

అంచు మీదే ఉండి తీరాలనుకునే కొత్త దంపతులను నేను వద్దనను. వారు కూడా నాలుగు గ్రామాలూ ఒకటే అనుకోకూడదు. ఫిరా దీవికి ముఖ్య పట్టణం. దీవిలోని బస్సులన్నీ అక్కడి నుంచే బయలుదేరి అక్కడికే చేరతాయి కనుక రాకపోకలకు అనువైనది. అయితే పెద్ద విహార నౌకలు వచ్చిన రోజున పాత రేవు నుంచి కేబుల్ కారులో వేల మంది ఒక్కసారిగా పైకి వస్తారు. కేబుల్ కారు వద్దనుకుంటే దాదాపు 580 మెట్లు ఎక్కి రావాలి, ఆ దారిన గాడిదలు కూడా వస్తాయి. ఫిరాకు ఉత్తరంగా పది పదిహేను నిమిషాల నడకలో ఉన్న ఫిరోస్టెఫాని నా దృష్టిలో అంచు మీది ఊళ్లలో అన్నిటికంటే తెలివైన ఎంపిక. అక్కడ పై నడకదారికి సమంగా ఉన్న గది దొరికితే దృశ్యమూ దక్కుతుంది, మోకాళ్లూ మిగులుతాయి. ఇమెరోవిగ్లి ఇంకా ఎత్తున, ప్రశాంతంగా ఉంటుంది, కానీ దుకాణాలు తక్కువ. ఇయా దీవి ఉత్తర కొసన ఉంది. సాయంత్రం దీవిలోని జనమంతా అక్కడికే వస్తారు, పొద్దు గుంకగానే అందరూ ఒకే బస్సు కోసం పరుగెత్తుతారు. ఆ రద్దీ తగ్గాక, తెల్లవారుజామున ఊరు తమదే అవుతుందన్నది అక్కడ బస చేసేవారి వాదన. అందులో నిజముంది; దాని ధర ఎంతో మాత్రం ఎవరికి వారే లెక్కవేసుకోవాలి. మేము చూసిన ధరల్లో తీరం పక్కన ఒక మంచి గదికి అడిగిన మొత్తానికి అంచు మీద రెండు మూడింతలు అడిగారు.

మేము చివరికి కమారి ఎంచుకున్నాం. కమారి తూర్పు తీరంలో ఉంది. సముద్రం పక్కనే చదునైన నడకదారి, దాని వెంట హోటళ్లు, తినుబండారాల అంగళ్లు, ఒక వీధి లోపలికి వెళితే కిరాణా దుకాణాలు, రొట్టెల దుకాణం, మందుల షాపు ఉన్నాయి. అత్తయ్యగారు రోజూ తెల్లవారగానే ఎవరి సాయమూ లేకుండా తీరం దాకా నడిచి, సూర్యుడికి నమస్కారం చేసుకుని, మేము లేచేసరికి తిరిగి వచ్చేవారు. ఆవిడకు కాల్డెరా కంటే ఆ స్వేచ్ఛే ఎక్కువ నచ్చిందని నా నమ్మకం. ఫిరాకు బస్సులో అరగంట లోపే పడుతుంది. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్లి, అంచు మీద ఒక కాఫీ దుకాణంలో కూర్చుని, ఏ గది అద్దె లేకుండా అదే సూర్యాస్తమయం చూసి, రాత్రి బస్సుకు తిరిగి వచ్చాం. కమారికి లోపాలు లేకపోలేదు. విమానాశ్రయం దగ్గర కనుక విమానాల చప్పుడు వినిపిస్తుంది. తీరంలో ఇసుక కంటే నల్లని గులకరాళ్లు ఎక్కువ, మధ్యాహ్నం అవి కాలిపోతాయి, చెప్పులు లేకుండా నడవలేం. నీరు కొద్ది అడుగుల్లోనే లోతెక్కుతుంది. అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో మోకాలి లోతు నీళ్లలో చాలా దూరం నడవడానికి అలవాటుపడిన పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి.

పెరీసా తీరం ఇంకా పొడవైనది, నల్ల ఇసుక మెత్తగా ఉంటుంది, ధరలు కూడా కొంత తక్కువ. కుర్రకారు ఎక్కువ కనుక రాత్రి పాటల సందడి ఉంటుంది. కమారికీ పెరీసాకూ మధ్య మేసా వునొ అనే కొండ సముద్రంలోకి చొచ్చుకుని ఉంది, దాని శిఖరం మీద పురాతన థీరా నగరపు శిథిలాలు ఉన్నాయి. పటంలో రెండు ఊళ్లూ పక్కపక్కనే కనిపించినా రోడ్డు మార్గాన చుట్టూ తిరిగి వెళ్లాలి, వేసవిలో అయితే చిన్న పడవ నడుస్తుంది. దీవి లోపలి పిర్గొస్, మెగలొహోరి ఊళ్లు కారు నడిపేవారికి బాగుంటాయి. కారు అద్దెకు తీసుకోవాలంటే మన లైసెన్సుతో పాటు రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకుని వెళ్లాలి.

బస ఎంపికలో మన వాళ్లకు మెట్ల తర్వాత వచ్చేది వంటగది. గ్రీసులో స్టూడియో అని పిలిచే గదుల్లో సాధారణంగా రెండు చిన్న కరెంటు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్, నాలుగు గిన్నెలు ఉంటాయి. అదే డబ్బుకు వచ్చే హోటలు గది కంటే మేము స్టూడియోకే మొగ్గు చూపాం. చిన్న కుక్కరు, కందిపొడి, ఆవకాయ మాతో వెళ్లాయి. నెయ్యి సీసా మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది, ఎందుకంటే ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి నుంచి ప్రయాణికులు పాల ఉత్పత్తులు, మాంసం తీసుకురాకూడదు. శాకాహారులకు బయట కూడా దొరకనిదేమీ లేదు. శాంటొరిని పొలాల్లో పండే ఒక రకం పసుపు పప్పును మెత్తగా ఉడికించి ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసి ఇస్తారు, ఫావా అంటారు. అందులో ఆవకాయ కలుపుకున్న మామయ్యగారికి ఆ దీవి మీద గౌరవం పెరిగింది. టమాటా వడలు, బియ్యం కూరిన టమాటాలు, బెండకాయ కూర కూడా దొరుకుతాయి. రాత్రి పూట అన్నం, చారు, పెరుగు గదిలోనే దొరకడం పెద్దవాళ్లకు ఎంత ఊరటో వేరే చెప్పనక్కర్లేదు. కుళాయి నీళ్లు చాలావరకు సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇచ్చేవి, తాగడానికి అందరూ సీసాలే కొంటారు. కనుక బస దగ్గరలో కిరాణా దుకాణం ఉందో లేదో పటంలో చూడండి. నీళ్ల సీసాలు మెట్ల మీద మోసేవారికి దాని విలువ తెలుస్తుంది. స్నానాల గది గురించి ఒక్క మాట: అక్కడ మురుగు గొట్టాలు సన్నవి కనుక కాగితాన్ని పక్కనున్న బుట్టలోనే వేయాలి, కడుక్కోవడానికి నీళ్ల ఏర్పాటు ఉండదు, ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పడేసుకోండి.

బుకింగ్ సైట్లలో రాసే మాటలను ఎలా చదవాలో కూడా చెబుతాను. "కేంద్రం నుంచి 300 మీటర్లు" అన్న చోట ఆ 300 మీటర్లు అడ్డంగానా, నిలువుగానా అన్నది ఉండదు. "సీ వ్యూ" అని ఉంటే అది కాల్డెరా కాకపోవచ్చు, పొలాల అవతల దూరంగా కనిపించే తూర్పు సముద్రం కావచ్చు. రేటింగు చూసి ఊరుకోకుండా, వచ్చి వెళ్లినవారి అభిప్రాయాల్లో మెట్లు, సామాను, బస్టాపు అన్న మాటలున్న వాక్యాలను వెతకండి. ఇరవై ఐదేళ్లవారు "కాస్త నడక" అన్నదాన్ని డెబ్బై ఏళ్లవారి కాళ్లతో కొలవండి. ఇంటి యజమానికి నేరుగా మూడు ప్రశ్నలు రాయండి: కారు ఆగే చోటి నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు, స్నానాల గదిలో తొట్టి ఉందా లేక సమతలంగా ఉందా, రేవు నుంచి మీ దగ్గరకు బండి పంపగలరా. ఈ మూడో ప్రశ్న చిన్నది కాదు; నౌకలు ఆగే అథీనియొస్ రేవు చరియ అడుగున ఉంటుంది, అక్కడి నుంచి మెలికల రోడ్డు మీద పైకి రావాలి, నౌక దిగిన జనమంతా ఒకేసారి బండ్ల కోసం ఎగబడతారు.

డబ్బు లెక్కల్లో చాలామంది కలపని పద్దు ఒకటుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ప్రతి గదికి, ప్రతి రాత్రికి ప్రభుత్వ రుసుము కట్టాలి. 2025 నుంచి అది ఒకటి రెండు నక్షత్రాల హోటళ్లలో 2 యూరోలు, మూడు నక్షత్రాలకు 5, నాలుగుకు 10, అయిదుకు 15 యూరోలుగా ఉంది. సైటులో చూపించే ధరలో ఇది సాధారణంగా ఉండదు, అక్కడికి వెళ్లాక చేతికి బిల్లు ఇస్తారు. రెండు గదులు తీసుకునే కుటుంబానికి వారం గడిచేసరికి ఇది చెప్పుకోదగ్గ మొత్తమే. ఇక గ్రీసుతో సహా ఐరోపాలో చాలా దేశాలకు చెల్లే షెంగెన్ వీసా దరఖాస్తుతో బస రుజువు జతచేయాలి కనుక గదులు ముందే బుక్ చేయక తప్పదు, వీసా వస్తుందో రాదో తెలియదు కనుక రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే షరతు ఉన్న గదులే తీసుకోవాలి. కొంచెం ఖరీదు ఎక్కువైనా సరే. ఆ షరతుకు మరో కారణమూ ఉంది. శాంటొరిని ఇప్పటికీ కదిలే నేల. 1956 జులైలో వచ్చిన భూకంపం ఇయాతో సహా అనేక ఊళ్లను కూల్చివేసింది. 2025 ఫిబ్రవరిలో శాంటొరినికీ అమొర్గొస్‌కూ మధ్య సముద్రం అడుగున వరుసగా ప్రకంపనలు వస్తే వేలాది మంది నివాసులు దీవి విడిచి వెళ్లారు. దానికి భయపడి వెళ్లడం మానుకోమని చెప్పను. డబ్బు తిరిగి రాని బుకింగు మాత్రం వద్దంటాను.

గాలి సంగతి కూడా బసకు సంబంధించినదే. జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండగానే అంచు మీది ఊళ్లలో కుర్చీలు కదిలిపోతాయి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్లం కనుక గాలి అంటే మనకు వేళాకోళం కాదు. ఆ నెలల్లో వెళ్లేవారు ఉత్తరానికి తెరుచుకున్న బాల్కనీ గదులు తీసుకోకుండా ఉంటే మంచిది. మన బడుల వేసవి సెలవులు మే నెలలో కావడం నిజానికి ఒక అదృష్టం. ఇక్కడ వడగాలులు వీచే రోజుల్లో అక్కడ హాయిగా ఉంటుంది, జనం తక్కువ, ధరలు కూడా శిఖరానికి చేరవు. సముద్రపు నీరు మాత్రం అప్పటికి ఇంకా చల్లగానే ఉంటుంది.

ఇంత చెప్పాక, పెద్దవాళ్లతో వెళ్లేవారికి నేను ఎక్కువ రాత్రులు సూచించేది శాంటొరినిలో కాదు, అక్కడి నుంచి నౌకలో సుమారు రెండు గంటల దూరంలో ఉన్న నాక్సొస్‌లో. శాంటొరిని కూడా ఉన్న సైక్లడీస్ దీవుల గుంపులో అన్నిటికంటే పెద్దది నాక్సొస్. మధ్యలో వెయ్యి మీటర్ల జాస్ పర్వతం ఉన్నా పడమటి తీరమంతా చదునైనది, మెత్తని లేత రంగు ఇసుక గలది. శాంటొరినిలో బస ఎంత తలనొప్పో ఇక్కడ అంత తేలిక. రేవు పట్టణమైన హోరాలో, పాత కోట వీధుల్లోకి పోకుండా, అగియొస్ గెయొర్గియొస్ తీరం దగ్గర గది తీసుకుంటే రేవు, బస్సు, కూరగాయల దుకాణం, లోతు తక్కువ నీళ్లలో పిల్లల ఆట, అన్నీ నడకదూరంలో ఉంటాయి. ఈత బాగా వచ్చినవారికి అక్కడి నుంచి బస్సులో వెళ్లగల అగియొస్ ప్రొకోపియొస్, అగియా అన్నా, ఇంకా దూరాన ప్లాకా తీరాలున్నాయి. మేము హోరాలోనే ఉన్నాం. సాయంత్రాలు అపోలో గుడికి కట్టి, పూర్తి చేయకుండా వదిలేసిన పాలరాతి ద్వారం దాకా నడిచేవాళ్లం. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దపు ఆ ద్వారం ఒక్కటే అక్కడ నిలబడి ఉంది. మామయ్యగారికి మాత్రం ఆ ద్వారం కంటే లోపలి పల్లెల బంగాళాదుంప పొలాలు, ఆవుల మందలు ముఖ్యమయ్యాయి. నాక్సొస్ బంగాళాదుంపకు, చీజుకు గ్రీసంతటా పేరుంది. కాలువ లేని చోట సేద్యం ఎలా చేస్తారని ఆయన మా ఇంటి యజమానిని అడగడం, మా అమ్మాయి దాన్ని ఇంగ్లీషులోకి మార్చడం, ఆ పెద్దమనిషి చేతులతో జవాబు చెప్పడం రోజూ జరిగేది. శాంటొరిని అంచు మీది హోటలులో అటువంటి యజమాని మాకు దొరికేవాడు కాడేమో.

రెండు దీవుల వరుస విషయంలో నా సలహా: ఏథెన్స్ నుంచి శాంటొరినికి విమానంలో వెళ్లి, కొద్ది రాత్రులు కమారిలో ఉండి, తర్వాత నౌకలో నాక్సొస్ చేరి, అక్కడ తీరికగా గడిపి, పెద్ద నౌకలో ఏథెన్స్ దగ్గరి పిరెయస్ రేవుకు తిరిగి రావాలి. గాలి పెరిగితే ముందు ఆగిపోయేవి చిన్న వేగపు నౌకలు. కనుక తిరుగు ప్రయాణానికి నెమ్మదైన పెద్ద నౌకకే టిక్కెట్లు కొనండి. విమానం ఎక్కవలసిన రోజుకు ముందు రాత్రి మాత్రం దీవిలో ఉండకుండా ఏథెన్స్‌లోనే, వీలైతే విమానాశ్రయానికి వెళ్లే మెట్రో స్టేషను దగ్గర, లిఫ్టు ఉన్న హోటలులో గది తీసుకోండి.